ఎదిగే పిల్లలకు ఎంత గిటార్?

*తొలి వాద్యం ఎంపిక నుంచి తొలి పాఠం దాకా తల్లిదండ్రులు గమనించవలసిన సంగతులు*

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు ఇచ్చే నాటికి తెలుగు పట్టణాల్లోని సంగీత వాద్యాల దుకాణాలకు కొత్త కళ వస్తుంది. మెడకు కొక్కెం తగిలించి వెనక గోడ నిండా వేలాడదీసిన గిటార్లు, గోధుమ రంగువి, తేనె రంగువి, నల్లగా నిగనిగలాడేవి, దీపాల వెలుగులో వరుసగా మెరుస్తుంటాయి. వాటి కింద తల పైకెత్తి నిలబడిన పిల్లల చూపు నల్లదాని మీదో నీలిదాని మీదో ఆగిపోతే, తల్లి చూపు ధర చీటీల మీద, తండ్రి చూపు ‘పెద్దయ్యాక కూడా పనికొచ్చే’ పెద్ద గిటార్ మీద ఆగుతాయి. కొద్దిసేపట్లో బేరం తెగి, పిల్లవాడి మోకాళ్ళకు తగిలేంత పొడవైన గుడ్డ సంచి ఒకటి ఇంటికి బయలుదేరుతుంది. దసరా నాటికి ఆ సంచి బీరువా మీదికి చేరిందంటే, పిల్లవాడికి సంగీతం రాదని తేల్చేసే ముందు, దుకాణంలో ఎవరూ ఆ పిల్లవాడి చెయ్యి కొలిచి చూడలేదన్న సంగతి గుర్తు చేసుకోవాలి.

తెలుగిళ్ళలో ఎదిగే ఆడపిల్లకు పరికిణీ కుట్టించేటప్పుడు అంచుకు పైన లోపలివైపు ఒక మడత వేయించడం, పిల్ల పొడుగయ్యే కొద్దీ ఏడాదికోసారి ఆ మడత విప్పుకుంటూ రావడం పాత అలవాటు. డబ్బు విలువ తెలిసిన ఇళ్ళలో పుట్టిన ఆ తెలివిని తప్పుపట్టడానికి లేదు. కానీ అదే లెక్కను వాద్యానికి వర్తింపజేసి, ఎనిమిదేళ్ళ పిల్లకు పద్దెనిమిదేళ్ళవారి గిటార్ కొనడంతోనే చిక్కు మొదలవుతుంది. పరికిణీ వదులైతే నాడా బిగించి కట్టుకోవచ్చు, పెద్దదైన గిటార్‌కు అటువంటి నాడా లేదు.

గోడ మీది వాద్యం ఇంట్లోకి ఎలా వచ్చింది

గిటార్ మీద పిల్లల మోజు కొత్తదేమీ కాదు, అయితే ఇటీవల దానికి వీధి బలం తోడైంది. హైదరాబాద్ కాఫీ దుకాణాల్లోనూ పార్కుల్లోనూ ఒక గిటార్ చుట్టూ పదుల సంఖ్యలో జనం గుమిగూడి సినిమా పాటలు కలిసి పాడుకునే జామింగ్ సభలు వారాంతపు వినోదంగా మారాయి. ‘చౌరస్తా’ వంటి తెలుగు బృందాల పాటలు సినిమా తోడు లేకుండానే జనంలోకి వెళ్ళాయి. 2010లో విడుదలైన ‘ఆరెంజ్’ చిత్రాన్ని 2023లో మళ్ళీ విడుదల చేసినప్పుడు ప్రేక్షకులు థియేటర్లలో లేచి నిలబడి పాటలన్నీ వరుసగా పాడిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పాడే గుంపు మధ్యలో ఎవరో ఒకరి చేతిలో గిటార్ ఉండి తీరాలన్న భావన ఈ విధంగా పిల్లల మనసుల్లోకి చేరింది.

అంతకుముందు తరానికి ఆ భావన సినిమా వాద్యబృందం నుంచి వచ్చింది. 1976లో సంగీత దర్శకుడు కావడానికి ముందు ఇళయరాజా మద్రాసు రికార్డింగు థియేటర్లలో గిటార్ వాయించినవారు. ధనరాజ్ మాస్టారు వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించి, లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షల్లో క్లాసికల్ గిటార్‌కు బంగారు పతకం అందుకున్నారు. 1980లలో తెలుగువారు విన్న ఎన్నో పాటల్లో, పల్లవికీ చరణానికీ నడుమ వినబడీ వినబడనట్టు గిటార్ మీటు సాగుతూ ఉండటం వెనుక ఆ శిక్షణ ఉంది. ఆ పాటలు విని పెరిగినవారే ఇవాళ దుకాణాల్లో పిల్లల వెనుక నిలబడిన తల్లిదండ్రులు. తాము నేర్చుకోలేకపోయినది పిల్లలకు నేర్పించాలన్న ఆరాటం ధర చీటీ మీద కనిపించదు గానీ, కొనుగోలులో దాని వాటా తక్కువేమీ కాదు.

వేలికీ మెట్టుకూ మధ్య దూరం

గిటార్ మెడ మీద అడ్డంగా దిగవేసిన లోహపు కమ్మీలను ఫ్రెట్లు అంటారు. వీణ భాషలో ఇవి మెట్లు. వీణ మెట్లను మైనం మీద అమర్చి అవసరమైనప్పుడు సవరిస్తారు, గిటార్ మెట్లు కర్మాగారంలో ఒకసారి దిగాక కదలవు. తీగ స్వేచ్ఛగా మోగే నిడివిని, అంటే మెడ చివర తీగ ఆనే ‘నట్’ అనే సన్నని దిమ్మె నుంచి పొట్ట మీద ఆనే ‘శాడిల్’ అనే దిమ్మె దాకా ఉన్న దూరాన్ని, స్కేలు పొడవు అంటారు. ఈ ఒక్క కొలతను బట్టే మెట్ల మధ్య ఎడం నిర్ణయమవుతుంది.

పెద్దల క్లాసికల్ గిటార్ స్కేలు పొడవు సాధారణంగా 650 మిల్లీమీటర్లు. స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె తోరెస్ (1817–1892) అనే వడ్రంగి చేతిలో స్థిరపడి, నేటికీ కొనసాగుతున్న కొలత అది. ఆ గిటార్ మీద ఒక్కో మెట్టుకు ఒక్కో వేలు చొప్పున నాలుగు వేళ్ళు పరచవలసిన చోటు, నట్ నుంచి నాలుగో మెట్టు దాకా, సుమారు 13.4 సెంటీమీటర్లు. 580 మిల్లీమీటర్ల స్కేలు ఉండే ముప్పాతిక గిటార్ మీద ఇదే దూరం 12 సెంటీమీటర్లకూ, 535 మిల్లీమీటర్ల అర గిటార్ మీద 11 సెంటీమీటర్లకూ దిగుతుంది. రెండున్నర సెంటీమీటర్ల తేడా పెద్దల కంటికి చిన్నదే. ఏడేళ్ళ పిల్ల చిటికెన వేలి మొత్తం పొడవే నాలుగైదు సెంటీమీటర్లని తెలిస్తే, ఆ తేడా అందడానికీ అందకపోవడానికీ మధ్య గీత అని అర్థమవుతుంది. వేలు అందనప్పుడు పిల్లలు మణికట్టును మెలితిప్పి, భుజం పైకెత్తి, మెడ వంచి ఎలాగో అందుకుంటారు. అలా పడిన అలవాటును రెండేళ్ళ తరవాత వదిలించడం కొత్తగా నేర్పడం కంటే కష్టమని ఈ పనిలో ఉన్న మాస్టార్లందరూ ఎరుగుదురు.

> కొలత తెలుసుకోండి
>
> పావు, అర, ముప్పాతిక, పూర్తి అనే పేర్లు అచ్చమైన భిన్నాలు కావు. అర గిటార్ పూర్తి గిటార్‌లో సగం ఉండదు, ఒక కంపెనీ కొలత మరొక కంపెనీతో సరిగ్గా కలవదు. అందుచేత పేరు కాకుండా స్కేలు పొడవు అడగాలి.
>
> ఐదారేళ్ళవారికి పావు గిటార్ (సుమారు 48 సెం.మీ.), ఆరు నుంచి ఎనిమిదేళ్ళవారికి అర (53), ఎనిమిది నుంచి పదకొండేళ్ళవారికి ముప్పాతిక (58), ఆపైన పూర్తి గిటార్ (65) అన్నది స్థూలమైన అంచనా. వయసు కంటే చేతి నిడివి ముఖ్యం.
>
> పరీక్ష సులువు: పాదాలు నేలకు ఆనేలా పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి గిటార్ ఒడిలో పెట్టాలి. ఎడమ చెయ్యి మొదటి మెట్టును పట్టుకున్నప్పుడు మోచెయ్యి ఇంకా వంగి ఉండాలి. కుడి భుజం పైకి లేవకుండా చెయ్యి గిటార్ పొట్ట మీదుగా తీగల దాకా దిగాలి.

ఇంట్లో బాబాయిదో మేనమామదో పూర్తి గిటార్ ఇప్పటికే ఉంటే ఏం చేయాలన్న ప్రశ్న సహజం. పరికిణీ మడతకు దగ్గరగా వచ్చే ఉపాయం ఒకటి ఉంది. ‘కాపో’ అనే చిన్న బిగింపు పట్టీని మెడ మీద బిగిస్తే తీగలు అక్కడి నుంచి మోగడం మొదలుపెడతాయి. 650 మిల్లీమీటర్ల గిటార్‌కు రెండో మెట్టు మీద కాపో బిగిస్తే మిగిలే నిడివి సుమారు 579 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ముప్పాతిక గిటార్ పొడవే. దానికి ముందు తీగలను ఒక పూర్తి స్వరం మేర కిందికి దించి శ్రుతి చేస్తే, తీగల బిగువు సుమారు ఐదో వంతు తగ్గడమే కాక, కాపో బిగించాక మోగేది మామూలు శ్రుతే అవుతుంది. పిల్ల ఎదిగే కొద్దీ కాపోను ఒక మెట్టు వెనక్కి జరిపి, ఆ తరవాత తీసివేయవచ్చు. పదేళ్ళు దాటినవారికి ఇది చక్కగా ఉపకరిస్తుంది. అంతకంటే చిన్నవారికి గిటార్ పొట్టే అడ్డు. మెడను కురచ చేయగల కాపో పొట్టను తగ్గించలేదు.

నైలాన్ తీగా, ఉక్కు తీగా

దుకాణంలో ఒకేలా కనిపించే గిటార్లు నిజానికి రెండు వేర్వేరు వంశాలవి. తోరెస్ సంప్రదాయపు క్లాసికల్ గిటార్‌కు ఒకప్పుడు జంతువుల పేగుల నుంచి తీసిన తంత్రులు వాడేవారు. అమెరికాలో స్థిరపడిన ఆల్బర్ట్ ఆగస్టీన్ అనే వాద్య నిర్మాత 1940లలో, స్పానిష్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా ప్రోత్సాహంతో నైలాన్ తీగలు తయారుచేశాక పేగు తంత్రులు కనుమరుగయ్యాయి. రెండోది ఉక్కు తీగల అకౌస్టిక్ గిటార్. 1833లో జర్మనీ నుంచి అమెరికాకు వలసవెళ్ళిన మార్టిన్ కుటుంబం పేరు ఈ వంశంతో ముడిపడి ఉంది. నేడు సర్వత్రా కనిపించే వెడల్పు నడుము నమూనా ‘డ్రెడ్‌నాట్’ మార్టిన్ కర్మాగారంలోనే 1916లో పుట్టి, ఒక బ్రిటిష్ యుద్ధనౌక పేరు పెట్టుకుంది. యుద్ధనౌక పేరున్న వాద్యం ఏడేళ్ళ పిల్ల ఒడిలో ఎలా ఇముడుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

వేలికి తెలిసే తేడా బిగువులో ఉంది. పూర్తి గిటార్ మీద ఆరు నైలాన్ తీగలూ కలిసి మెడను లాగే బలం సుమారు నలభై కిలోల బరువుకు సమానమైతే, మామూలు ఉక్కు తీగల సెట్టు డెబ్బై కిలోల పైచిలుకు బలంతో లాగుతుంది. సన్నగా, గట్టిగా ఉండే ఉక్కు తీగ లేత వేలి కొసను కోసినట్టు అనిపిస్తే, లావుగా, మెత్తగా ఉండే నైలాన్ తీగ నొక్కుకు లొంగుతుంది. ఉక్కు తీగల మీద రెండు మూడు వారాలు సాధన చేశాక వేళ్ళు కాయలు కాచి నొప్పి తగ్గుతుందనడం నిజమే, అయితే ఆ మూడు వారాలు ఓర్చుకోవడానికి పెద్దవారికి ఉన్న కారణం పిల్లలకు ఉండదు. పదేళ్ళలోపు పిల్లలకు నైలాన్ తీగల చిన్న గిటార్‌తో మొదలుపెట్టడమే మేలని చెప్పడానికి సందేహించనక్కర లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. శబ్దం ఎక్కువ వస్తుందనో, నైలాన్ తీగలు అందుబాటులో లేవనో క్లాసికల్ గిటార్‌కు ఉక్కు తీగలు బిగించడం చిన్న ఊళ్ళలో కనిపించే పొరపాటు. సగం బిగువుకు కట్టిన చెక్క రెట్టింపు బిగువుకు నిలవదు. కొన్ని నెలల్లో మెడ వంగి, తీగలను పట్టి ఉంచే ‘బ్రిడ్జ్’ అనే చెక్క పట్టీ పొట్ట మీద నుంచి లేచిపోతుంది.

చెక్క సంగతికి వస్తే, ఖరీదైన గిటార్ల వెనుక చెక్కకూ పక్క చెక్కలకూ ప్రపంచమంతటా పేరున్నది దక్షిణ భారతంలో పెరిగే జిట్రేగి. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమైనప్పుడు, 1969లో, మార్టిన్ కంపెనీ మళ్ళింది దీనివైపే. అయితే ఆ వైభవం పిల్లల తొలి గిటార్‌కు అక్కర్లేదు. పొరలు అతికించి చేసిన చెక్క, ఒకే పలకతో చేసిన చెక్కంత మధురంగా మోగకపోయినా, ఎండకూ తేమకూ పిల్లల దెబ్బలకూ ఎక్కువ ఓర్చుకుంటుంది. మధురధ్వని కోసం అదనంగా పెట్టే డబ్బును కింద చెప్పబోయే సెటప్ పనికి ఖర్చు చేయడం తెలివైన పని.

రెండు మిల్లీమీటర్ల కథ

మెట్టుకూ తీగకూ మధ్య ఉన్న ఎత్తును ‘యాక్షన్’ అంటారు. పన్నెండో మెట్టు వద్ద నైలాన్ గిటార్‌కు మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, ఉక్కు తీగల గిటార్‌కు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే వేలికి సుఖం. చవక గిటార్లలో చాలావాటికి ఈ ఎత్తు ఇంకో రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఎత్తుగా ఉన్న తీగ ఎక్కడా గరగరలాడదు, గరగరలాడని గిటార్‌ను కొన్నవారు తిరిగి తెచ్చి ఇవ్వరు. ఆ అదనపు ఎత్తు దుకాణానికి రక్షణ, పిల్లల వేళ్ళకు శిక్ష.

దీన్ని సరిచేసే పనిని సెటప్ అంటారు. శాడిల్ అడుగును కొద్దిగా అరగదీయడం, నట్‌లోని తీగల గాళ్ళను తగిన లోతుకు ఆకురాయితో దించడం, మెడ లోపల ‘ట్రస్ రాడ్’ అనే ఉక్కు కడ్డీ ఉంటే దాన్ని తిప్పి మెడ వంపు సవరించడం ఇందులో భాగాలు. చెయ్యి తిరిగిన మెకానిక్‌కు ఇది గంట పని. నాలుగైదు వేల గిటార్‌కు మంచి సెటప్ చేయిస్తే, సెటప్ లేని పదివేల గిటార్ కంటే పిల్లలకు హాయిగా ఉంటుంది. పేరున్న బ్రాండు కొనలేకపోయామని బాధపడే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు. యమహా వంటి కంపెనీల ప్రాథమిక నమూనాలు ఒకదానికొకటి తేడా లేకుండా వస్తాయి గనుక పరీక్షించి చూసేవారు తోడు లేనప్పుడు అవి భద్రమైన ఎంపిక. తోడు ఉంటే, కోల్‌కతాలో తయారైన చవక గిటార్లలో కూడా మంచివి ఏరుకోవచ్చు.

> దుకాణంలో పది నిమిషాలు
>
> మెడ అంచు వెంట అరచెయ్యి జార్చి చూడండి. మెట్ల కొనలు గీసుకుంటే వద్దనండి. ఒక్కో తీగను ఒక్కో మెట్టు మీద నొక్కి మీటించండి; ఎక్కడైనా గరగర వినిపిస్తే అడగండి. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటిన స్వరం, ఏమీ నొక్కకుండా మీటిన తీగకు సరిగ్గా పై స్థాయిలో ఉండాలి. ఫోనులోని శ్రుతి యాప్ ఈ తేడాను పట్టిస్తుంది. శ్రుతి బిరడాలు మెత్తగా తిరగాలి, వదిలితే వెనక్కి జారకూడదు.
>
> ఆట వస్తువుల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ గిటార్ శ్రుతిలో నిలవదు. బొబ్బిలి పనివారు జ్ఞాపికలుగా చేసే చిట్టి వీణ ఎంత ముద్దుగా ఉన్నా దాని మీద సంగీతం నేర్పరు కదా, ఇదీ అంతే.

ఎలక్ట్రిక్ గిటార్ గురించి ఒక అపోహ బలంగా ఉంది. ముందు అకౌస్టిక్ మీద వేళ్ళు గట్టిపడాలని, ఆ తరవాతే ఎలక్ట్రిక్ పట్టాలని అంటారు. వాస్తవానికి ఎలక్ట్రిక్ గిటార్ తీగలు అన్నిటికంటే సన్నం, యాక్షన్ అన్నిటికంటే తక్కువ, మెడ సన్నం, పొట్ట పలక అంత పలుచన. రాక్ సంగీతం వినే పదకొండేళ్ళ పిల్లవాడు అదే కావాలంటే అభ్యంతరపెట్టడానికి సంగీత కారణమేదీ లేదు. యాంప్లిఫయర్ ఖర్చు, ఇరుగుపొరుగు నిద్ర అన్నవి మాత్రం కారణాలే, రెండో దానికి హెడ్‌ఫోన్లు పరిష్కారం.

ఐదారేళ్ళ పిల్లలకు ఉకులేలే మరో దారి. 1879లో మదీరా దీవుల నుంచి హవాయికి వలసవచ్చిన పోర్చుగీసు కార్మికులు వెంట తెచ్చిన చిన్న వాద్యం నుంచి పుట్టిన ఈ నాలుగు నైలాన్ తీగల బుల్లి వాద్యానికి, గిటార్ పై నాలుగు తీగల వరుసతో దగ్గరి చుట్టరికం ఉంది. దీని మీద పట్టిన వేళ్ళ ఆకారాలు గిటార్ మీదికి అలాగే బదిలీ అవుతాయి. గిటార్ మీద మూడు వేళ్ళతో పట్టవలసిన స్వరాల కూర్పులు కొన్ని దీని మీద ఒక్క వేలితో పలకడం వల్ల తొలి వారంలోనే పాట వస్తుంది.

పాలకొల్లు పాఠం

వాద్యం ఎంపిక మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు కూడా గురువు విషయంలో ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ అనే రెండు ప్రమాణాలతో సరిపెట్టుకోవడం విచిత్రం. ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యం. తండ్రి సత్యనారాయణ మాండొలిన్ కళాకారుడు కావడంతో ఇంట్లో ఉన్న ఆ వాద్యాన్ని శ్రీనివాస్ ఆరేళ్ళ ప్రాయంలో చేతిలోకి తీసుకున్నాడు. మాండొలిన్ స్కేలు పొడవు ముప్పై అయిదు సెంటీమీటర్ల చిల్లర మాత్రమే కనుక ఆ చేతికి వాద్యం కొలత సరిపోయిందని చెప్పవచ్చు. అసలు విశేషం అది కాదు. అతనికి కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన ఆయన పాఠాన్ని పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసి, ‘మాండొలిన్ శ్రీనివాస్’గా ప్రపంచమెరిగిన విద్వాంసుడు అలా తయారయ్యాడు.

అంతటి ప్రతిభను అందరు పిల్లలలోనూ ఆశించడం న్యాయం కాదు, అయితే ఆ పద్ధతిలోని క్రమం అందరికీ వర్తిస్తుంది. ముందు చెవి, తరవాత గొంతు, ఆ తరవాత వేలు. జపాన్ వయొలిన్ గురువు షినిచి సుజుకి (1898–1998) పిల్లలు మాతృభాష నేర్చుకునే తీరును గమనించి, చదవడానికి ముందు వినడం, వాయించడం నేర్పాలని చెప్పిన పద్ధతి కూడా ఇక్కడికే చేరుతుంది. మంచి గిటార్ మాస్టారును గుర్తుపట్టడానికి ఒక తేలిక గుర్తు ఉంది: పిల్ల లోపలికి రాగానే ఆయన ముందుగా గిటార్‌ను శ్రుతి చేసి, తప్పిన శ్రుతికీ కుదిరిన శ్రుతికీ తేడా వినిపిస్తారు. శ్రుతి తప్పిన గిటార్ మీదే పాఠం మొదలుపెట్టి, బోర్డు మీద గీతలు గీసి రాసుకోమనే చోట పిల్లలను చేర్చకపోవడం మంచిది.

చాలా తరగతుల్లో తొలి రోజునే కార్డ్స్ మొదలవుతాయి. మూడు లేదా అంతకు మించిన స్వరాలను ఒకేసారి మోగించడం కార్డ్. కుడి చేతితో తీగలన్నిటినీ లయబద్ధంగా పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ మీటడం స్ట్రమ్మింగ్. ఈ రెండింటితో పాటకు తోడు వాయించవచ్చు కనుక పెద్ద పిల్లలకు ఉత్సాహంగానే ఉంటుంది. చిన్నవారికి మాత్రం ఒకే తీగ మీద తెలిసిన పాట వరస వెతకడం ముందు రావాలి, ఎందుకంటే మూడు వేళ్ళు మూడు చోట్ల ఒకేసారి దిగడమనే పని వారి చేతికి అప్పుడే అలవడదు.

రాత విషయంలో రెండు లిపులు ఉన్నాయి. అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి ఒకటి, ఆరు తీగలకు ఆరు గీతలు గీసి ఏ మెట్టు నొక్కాలో అంకె వేసే ‘టాబ్’ రెండోది. టాబ్‌ను ఇంటర్నెట్ కాలపు అడ్డదారిగా చులకన చేసేవారు, గిటార్‌కు పూర్వజ అయిన విహ్వేలా కోసం లూయీస్ మిలాన్ 1536లో వాలెన్సియా నగరంలో అచ్చువేయించిన ‘ఎల్ మాయెస్త్రో’, అంటే ‘గురువు’, అనే స్వీయబోధినిలో పాఠాలన్నీ ఈ లిపిలోనే ఉన్నాయని తెలుసుకుంటే ఆశ్చర్యపోతారు. ట్రినిటీ, ఎ.బి.ఆర్.ఎస్.ఎం. వంటి బ్రిటిష్ పరీక్షా సంస్థల గ్రేడ్లు రాయించాలనుకునేవారికి స్వరలిపి ఉపకరిస్తుంది. పరీక్ష పిల్లలకు ఒక గమ్యాన్ని ఇస్తుందన్నది ఎంత నిజమో, ఏడాదంతా పరీక్షకు కావలసిన మూడు నాలుగు రచనలే రుద్ది, నాలుగో గ్రేడు పాసైనా పుట్టినరోజు పాట వాయించలేని పిల్లలను తయారుచేసే తరగతులు ఉన్నాయన్నదీ అంతే నిజం. గ్రేడ్లను రెండేళ్ళ దాకా వాయిదా వేస్తే వచ్చే నష్టం ఏమీ లేదు.

> ఒక్క తీగ మీద సరళీ వరుసలు
>
> ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో కర్ణాటక సంగీతంలో ఓనమాలు వచ్చి ఉంటే తొలి పాఠానికి మాస్టారు కోసం ఎదురుచూడనక్కర లేదు. సరళీ వరుసలకు వాడే మాయామాళవగౌళ రాగం గిటార్ మీది ఏ తీగ మీదనైనా ఈ మెట్లలో పలుకుతుంది:
>
> స – నొక్కని తీగ, రి – 1, గ – 4, మ – 5, ప – 7, ద – 8, ని – 11, పై స – 12.
>
> పెద్దవారు పాడితే పిల్లలు వెతుక్కోవాలి. గమకాలు గిటార్ మీద అంత సులువుగా రావు గనుక వాటిని ఇప్పుడే అడగవద్దు.

చేరే ముందు ఒక ప్రయోగ తరగతి కోరడం, ఆరు నెలలుగా అక్కడ నేర్చుకుంటున్న పిల్లల వాయింపు వినడం, ఒక్కో బృందంలో ఎందరు కూర్చుంటారో చూడటం తల్లిదండ్రుల హక్కు. నలుగురికి మించిన బృందంలో ఎవరి మణికట్టు ఎలా ఉందో చూసే తీరిక మాస్టారుకు ఉండదు. తరగతి గది తలుపు అద్దంతోనో తెరిచో ఉండాలని అడగడానికి మొహమాటపడకూడదు. ఇంటర్నెట్ పాఠాలలో ఆస్ట్రేలియాకు చెందిన జస్టిన్ శాండర్‌కో ఉచిత పాఠాల వంటి ఉత్తమమైనవి ఉన్నా, వాటితో ముందుకు సాగేది స్వయంగా అదుపులో ఉండగల పన్నెండేళ్ళు దాటినవారే. తెర చూపగలదు గానీ పిల్ల బొటనవేలు మెడ వెనుక ఎక్కడుందో చూడలేదు.

ఇంటి దగ్గర

సాధనకు రోజూ పది, పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం నాడు కూర్చోబెట్టి రెండు గంటలు వాయించమంటే వేళ్ళు వాస్తాయి తప్ప పాఠం నిలవదు. గిటార్‌ను సంచిలో పెట్టి జిప్పు మూసి మూలన నిలబెట్టిన ఇళ్ళ కంటే, హాలులో చేతికందే స్టాండు మీద ఉంచిన ఇళ్ళలో పిల్లలు ఎక్కువసార్లు దాన్ని ముట్టుకుంటారు. చుట్టాలు వచ్చినప్పుడల్లా ‘మామయ్యకు ఒక పాట వాయించి వినిపించు’ అని ముందుకు తోయడం తెలుగిళ్ళలో పాటకు పుట్టెడు ప్రేమతోనే జరుగుతుంది గానీ, వాయించడం రాని తొలి ఆరు నెలల్లో ఆ పిలుపు వినబడగానే గిటార్‌కు దూరంగా జరగడం పిల్లలకు అలవాటవుతుంది.

వాతావరణం మరో శత్రువు. సగం చుట్టుపక్కల తేమ, అంటే 45 నుంచి 55 శాతం, గిటార్‌కు హితమని తయారీదారులు చెబుతారు. విశాఖ, కాకినాడ తీరంలో వర్షాకాలపు తేమకు చెక్క ఉబ్బి యాక్షన్ పెరుగుతుంది. రామగుండం, నిజామాబాద్ వైపు మే నెల పొడి ఎండకు మెడ చెక్క కుంచించుకుపోయి మెట్ల కొనలు బయటికి పొడుచుకువస్తాయి. ఎండలో నిలిపిన కారులో గిటార్‌ను వదిలేస్తే జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోయే ప్రమాదం ఉంది. గోడకు ఆనించి నిలబెట్టిన గిటార్ ఇంట్లో చిన్నవాడి కాలు తగిలి పడటం వీటన్నిటికంటే తరచుగా జరిగే ప్రమాదం.

ఎడమచేతివాటం పిల్లల విషయంలో మాస్టార్లలోనే ఏకాభిప్రాయం లేదు. రెండు చేతులకూ కొత్త పనే కనుక మామూలు గిటార్‌తోనే మొదలుపెట్టమనేవారు కొందరు, ఎడమచేతి గిటార్ కొనమనేవారు కొందరు. మన పట్టణాల్లో ఎడమచేతి చిన్న గిటార్లు దొరకడం అరుదు కాబట్టి ఒక నెల మామూలుదానితో ప్రయత్నించి, పిల్ల పదేపదే తిప్పి పట్టుకుంటుంటే అప్పుడు తెప్పించడం నయం.

రెండేళ్ళకో మూడేళ్ళకో చిన్న గిటార్ చేతికి చాలకుండా పోతుంది. మడత విప్పడం పూర్తయిన పరికిణీ చెల్లెలికో పక్కింటి పిల్లకో చేరినట్టే దాన్ని కూడా ఇచ్చివేయవచ్చు. ఇచ్చే ముందు పాత తీగలు తీసివేసి, కొత్త నైలాన్ సెట్టు వేయించి, శ్రుతి చేయించి ఇవ్వండి.